అరువు కుర్చీలో సారు

మన ఇంట్లో లేనిది పక్కింట్లో ఉంటే మనకూ ఉన్నట్టే అనుకునే రోజులవి. చుట్టం వస్తే ఒకరింటి మంచం, ఇంకొకరింటి గ్లాసులు వచ్చి చేరేవి. ఆ అలవాటే తొంభైల మొదట్లో మా బడిని ముంచబోయింది.

ఆర్మూరు మార్కెట్లో పసుపు కొమ్ములు ఏరే కూలీలం మేము. పని దిగాక మా కూలీల సంఘం గదిలో టీచరమ్మ దగ్గర అక్షరాలు దిద్దేవాళ్లం (పలక మీద అక్షరం కంటే మా వేళ్ల పసుపే ఎక్కువ కనిపించేది). ఇద్దరు పిల్లల తల్లినై నేను గుణింతాల దాకా వచ్చానో లేదో, టీచరమ్మకు జీతమిచ్చే సర్కారు సాయం ఆగిపోయింది. బడి మూతపడితే నా చదువు అంతటితో సరి. సాయం మళ్లీ ఇవ్వాలో వద్దో చూడడానికి నిజామాబాదు నుంచి ఒక సారు వస్తున్నారన్నారు.

మా సంఘం పెద్దను, గొంతును బట్టి, మైకక్క అనేవాళ్లం. "సారు ముంగట ఇజ్జత్ పోవద్దే! మంచి మంచియి పట్కరాండ్రి" అంది. ఇంకేం, పసుపు సేటు దుకాణం నుంచి మెత్తటి కుర్చీ, జంపఖానా, ఆయన ఇంటి నుంచి పింగాణీ కప్పులు దిగాయి. టేబుల్ ఫ్యాను నేనే నెత్తిన మోసుకొచ్చాను. సారు ఆ గాలికి హాయిగా చాయ్ తాగి, చుట్టూ చూసి, "మీకన్నీ ఉన్నాయి కదమ్మా! లేనివాళ్లకు ఇస్తాం" అని లేవబోయారు. నా చదువు గుణింతాల దగ్గరే ఆగేట్టుంది. మైకక్క ఆయన కప్పులో ఇంకాస్త చాయ్ పోయబోయింది.

అప్పుడే గుమ్మంలోంచి సేటు కేక. "ఓ మైకక్కా, గిరాకొచ్చిండు, కూసోవెడ్తమంటె కుర్చి లేదు. జర ఇయ్యరాదే!"

కుర్చీలో ఉన్న సారును అప్పుడు చూసి నాలుక కరుచుకున్నాడు. సారు ఫ్యాను వైపు చూపించారు.

"నాదే సారూ."

"కప్పులు?"

"మా ఇంటిదానియి."

"మరి వీళ్లదంటూ ఏముంది?"

సేటు తల గోక్కున్నాడు. "గా పలకలు సారూ. గవొక్కటే ఎవ్వలింట్లకెల్లి తెచ్చినయి కావు."

సారు విరగబడి నవ్వి, కుర్చీ వదిలి మా మధ్య కూర్చున్నారు. సాయం ఇప్పిస్తామని మాటిచ్చారు. "కానీ అది ఎల్లకాలం రాదు, ఊరు కూడా ఓ చెయ్యి వెయ్యాలి" అన్నారు. "నేను కొన్న కుప్పకు దోసెడు కొమ్ములు బడికి" అన్నాడు సేటు. అతన్ని చూసి మిగతా దుకాణాలూ ఇచ్చాయి. తర్వాత సాయం మళ్లీ ఆగిన ఏళ్లలో మా బడిని ఆ దోసెళ్లే నడిపాయి. నేనీ నాలుగు ముక్కలు రాస్తున్నానన్నా వాటి చలవే.

ఇప్పుడు సంఘానికి సొంత కుర్చీలున్నాయి. అయినా ఎవరైనా పెద్దవాళ్లు వస్తున్నారంటే నెత్తిన ఫ్యానుతో మార్కెట్ దారిన నడిచొస్తున్న ఆనాటి నా రూపం కళ్లముందు మెదులుతుంది. "దించవే పిచ్చిదానా" అందామనుకుంటాను. ఎంత మురిసిపోతూ మోస్తోందో చూసి ఊరుకుంటాను.