సాంచ కింద దాక్కున్న పిల్ల

ఇదంతా శుక్రవారం సాయంత్రం నాలుగు గంటల ముప్పై ఐదు నిమిషాలకు మొదలైంది. కరెంటు పోయి అప్పటికి ఇరవై నిమిషాలు. నేను అరుగు మీద కూర్చుని చేతిరాట్నంతో నూలు కండెలు చుడుతున్నాను. కొడుకు చాయ్ తాగడానికి చౌరస్తాకు వెళ్లాడు. కోడలు చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి పోయింది.

మనవడికి తొమ్మిదేళ్లు, మనవరాలికి ఆరు. బడి నుంచి వచ్చాక వీళ్లకు అలుపెందుకు రాదో డెబ్బై ఒక్క ఏళ్లు వచ్చినా నాకు అర్థం కాలేదు. సంచులు విసిరేశారు, మంచం మీదుగా దూకారు, దాగుడుమూతలు మొదలుపెట్టారు.

"ఇల్లు పీకి పందిరేస్తుండ్రు గదనే! జర కూసోండ్రి."

"కూసుంటే కాళ్లు గుంజుతయి బాపమ్మా," అంటూ మనవరాలు దాక్కోవడానికి పరుగెత్తింది.

కాసేపటికి మనవడు వచ్చాడు. "బాపమ్మా, చెల్లె దొర్కుతలేదు. ఇల్లంత దేవులాడిన."

"షెడ్డుల సూసినవా?"

"అండ్లకు పోవద్దని బాపు అన్నడు గద."

రాట్నం వదిలేసి షెడ్డుకు ఉరికాను.

ఇంటి వెనక రేకుల షెడ్డులో మాకు నాలుగు సాంచాలు, అంటే మరమగ్గాలు, ఉన్నాయి. కరెంటు పోయినప్పుడు వాటిని ఎవరూ ఆపరు. వచ్చిన మరుక్షణం అవి వాటంతటవే నడవాలి, మూరెడు బట్ట కూడా తగ్గకూడదు. వాటి అదురుకు మెయిన్ హ్యాండిల్ కిందికి పడి అన్నీ ఆగిపోతున్నాయని కొడుకు దాన్ని ఇనుప తీగతో బిగించి కట్టాడు. మా వాడకట్టులో చాలామంది ఇళ్లలో అంతే.

షెడ్డులో మసక వెలుతురు. మూడో సాంచ కింద చిన్న పాదం కనిపించింది.

"బయటికి రా బిడ్డా."

"ష్! అన్నకు చెప్పకు."

"ఆట అయిపోయింది. రా."

"వస్తలేదు బాపమ్మా. జడ ఇరికింది."

వంగి చూశాను. మోటారు చక్రానికీ బెల్టుకూ నడుమ కుడి జడ, రిబ్బనుతో సహా ఇరుక్కుంది. లాగిన కొద్దీ బిగుసుకుంటోంది.

మెయిన్ దగ్గరికి పోయి తీగ విప్పబోయాను. రాలేదు. పటకారు ఎక్కడుందో తెలియదు. "మీ బాపును పిలువు, ఉరుకు!" అని మనవడిని పంపాను. వాడు చౌరస్తాకు పోయి వచ్చేదాకా కరెంటు ఆగుతుందా? ఎవరిని అడగాలి?

పోగులు కత్తిరించే చిన్న కత్తెర తీసుకుని నేల మీద బోర్లా పడుకుని చేయి చాచాను.

"కొయ్యకు బాపమ్మా! బడిల అందరు నవ్వుతరు!"

"నవ్వనియ్యి."

నా చెవులు మోటారు మీదే ఉన్నాయి. కత్తెర రెండుసార్లు జారింది. నాలుగో కోతకు జుట్టు తెగింది. కాలు పట్టుకుని ఈడ్చాను. పిల్ల తన్నుకుంటూ, పోగులు తెంపుకుంటూ బయటపడింది. ఎత్తుకుని గడప దాటాను.

నేను ఇంకా ఆయాసపడుతుండగానే కరెంటు వచ్చింది. నాలుగు సాంచాలూ ఒక్కసారే దడదడమన్నాయి. మూడోదాని బెల్టు ఎర్ర రిబ్బనును పైకెత్తి, చుట్టి, లోపలికి లాక్కుంది. పిల్ల అది చూసి ఏడుపు ఆపింది. నా మెడను మాత్రం వదల్లేదు.

కొడుకు ఉరికొచ్చాడు. పిల్ల తల చూశాడు. పటకారు వెతికి ఆ తీగ తెంపి, సాంచాలు ఆపేశాడు.

పోయినవి: కుడి జడ, జానెడు. రిబ్బను ఒకటి. పోగులు నూట పద్దెనిమిది. మర్నాడు నేనూ కొడుకూ కూర్చుని అతికాం. నా కుడి చేతి బొటనవేలి గోరు, ఆ తీగ విప్పబోయినప్పుడు ఊడింది.