రిసెప్షన్ గోడ మీది రౌతు

మా తాత గుర్రాన్ని ఎప్పుడూ తాకలేదు. జి.మాడుగుల దాటి ఉన్న మా ఊళ్ళోకి గుర్రం వచ్చిందీ లేదు. అయినా ఎవరైనా చనిపోతే ఆ ఇంటివాళ్ళు తాతనే పిలిచేవారు. ఎర్రమట్టి అలికిన గోడ మీద, నమిలి మెత్తబరిచిన పుల్లతో, బియ్యప్పిండి ముద్దలో ముంచి గుర్రాన్ని గీసేవాడు. దాని మీద కూర్చున్నవాడు చనిపోయిన మనిషి. గీయడం అయ్యాక ఇంట్లో పెద్దవాళ్ళు గోడ ముందు నిలబడి, రమ్మని, ఎక్కమని పిలిచేవారు.

"పిలవకపోతే అది ఉత్త బొమ్మేనే గుంటా. పిలిస్తే మాత్రం అన్నం పెట్టాల" అనేవాడు తాత నాతో.

ఆ మాట ధైర్యంతోనే అరకులో కొత్తగా కట్టిన రిసార్టులో పనికి ఒప్పుకున్నాను. ప్రతి గది గోడ మీదా గుర్రాలు గీయాలి. తాత చేసినట్టు కాదు, డబ్బా రంగులతో. పిలిచేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి ఉత్త బొమ్మలే అనుకున్నాను. నన్ను వంటగది వెనక గదిలో ఉంచారు. పని అయిపోగానే కొయ్యూరులో అక్క దగ్గరికి వెళ్ళాలి, అక్కడి బడిలో డ్రాయింగ్ నేర్పే పని సిద్ధంగా ఉంది.

చివరి గది పూర్తవుతుండగా ఓనర్ వచ్చాడు. విజయనగరం వైపు మనిషి.

"ఏటమ్మా, ఇన్ని గుర్రాలు గీసినావు, మీదున్నోడెవుడో తెల్డం లేదు. రిసెప్షన్లో పెద్దది గీసి నా మొకం పెట్టేయ్. కూలింగ్ గ్లాసులు కూడా. బేగి అయిపోవాల."

బతికున్న మనిషిని అక్కడ ఎక్కించకూడదని చెప్పాలనుకున్నాను. కానీ ఎప్పుడు వదిలేస్తాడా అన్నదే నా ధ్యాస. మూడు రోజులు గీశాను. మీసం, కళ్ళద్దాలు ఆఖర్న పెట్టాను.

ప్రారంభానికి ముందు రోజు ఓనర్ తల్లి వచ్చింది. భర్త పోయి అప్పటికి ఏడాది కాలేదు. గోడ ముందు ఆగింది.

"ఇది మావోడేనా?"

"అవునమ్మగారు."

"మీ ఊళ్ళో ఇవి ఎందుకు గీత్తారు?"

అబద్ధం చెప్పి ఉంటే ఆ సాయంత్రమే కొయ్యూరు బస్సెక్కేదాన్ని. కానీ ఆవిడ నా కళ్ళలోకే చూస్తోంది.

"పోయినోళ్ళ కోసమమ్మా."

ఆవిడ గోడకి చెయ్యి ఆనించి నిలబడింది. పక్కనే ఉన్న కొడుకు నవ్వబోతే గదమాయించింది. "ముందు ఈడి మొకం తీసేయ్ తల్లీ. ఆయన్ని గియ్యి" అని సంచిలోంచి భర్త ఫొటో తీసి ఇచ్చింది.

మర్నాడు పొద్దుటికి గీసేశాను. కళ్ళద్దాలు పోయాయి, మీసం పోయింది, బట్టతల వచ్చింది. నేను అడ్డుపడేలోపే ఆవిడ రెండు చేతులూ జోడించి, "రండి. ఈ ఎండలో నడవలేరు, ఎక్కండి" అంది.

ఇంకేముంది, పిలుపు పడిపోయింది.

ఆవిడ వెళ్ళిపోయింది. మోకాళ్ళ నొప్పుల వల్ల మళ్ళీ ఘాటీ దారిలో కొండెక్కి రాలేకపోయింది. ఫోన్ చేస్తుంది. "ఆయనకి పెట్టినావా?" అంటుంది. పెట్టకుండా ఎలా ఉండను? ఆ వంటగది వెనక గదిలోనే ఉండిపోయాను. రోజూ పొద్దున్న టూరిస్టులు లేవకముందే ఆ గోడ ముందు ఆకులో ఇంత అన్నం పెడతాను. తర్వాత వాళ్ళు అక్కడే నిలబడి సెల్ఫీలు తీసుకుంటారు.

రిసెప్షన్లో కూర్చునే అమ్మాయిని ఆ పని చూసుకోమని అడిగాను. "నా వల్ల కాదక్కా, భయం" అంది. బొమ్మ చెరిపేస్తానని ఓనర్‌ని అడిగాను. "మాయమ్మ ఉన్నంతకాలం ఆ గోడ ముట్టుకోకు" అన్నాడు. నన్ను ఉండమని మాత్రం ఎవరూ అనలేదు. గేటు తీసే ఉంటుంది. బడి వాళ్ళు రెండు నెలలు చూసి వేరేవాళ్ళని పెట్టుకున్నారు. అక్క నాతో సరిగా మాట్లాడడం లేదు.

ఈ వానాకాలం చెమ్మకి గుర్రం కాళ్ళు ఊడిపోయాయి. అలాగే వదిలేస్తే చెమ్మ పైకి పాకి, బొమ్మ దానంతట అదే పోతుందనిపించింది. రెండు రోజులు అటువైపు చూడకుండా తిరిగాను. మూడో రోజు ఆవిడ ఫోన్ చేసి, "బాగున్నారా ఆయన?" అంది.

"బాగున్నారమ్మా" అని, స్టూలు లాక్కుని కూర్చుని కాళ్ళు గీశాను.