డలా గుడి గోడ మీద నీటి గీత

కాన్వెంటులో మాకు ఒక ఇంగ్లిష్ పాఠం ఉండేది. ఇంగ్లండులో ఒక చిన్న సంత ఊరు, దాని పక్కన నది. వరద వచ్చిన ప్రతిసారీ నీళ్లు ఎంతవరకు ఎక్కాయో ఆ ఊరివాళ్లు చర్చి గోడ మీద గీత చెక్కి, పక్కన సంవత్సరం వేసేవారు. గాలివానకు శిఖరం కూలిన ఏడు కూడా ఆ గోడ మీద ఉంది. అవన్నీ వరసగా అప్పజెప్పి సిస్టర్ మెప్పు పొందాను. మా బర్మాలోని యాంగోన్ నది గురించి మాత్రం ఏ పాఠమూ లేదు. సైనిక ప్రభుత్వానికి ఎదురు తిరిగి భిక్షువులు వీధుల్లోకి వచ్చి దెబ్బలు తిన్న మరుసటి వేసవిలో తుఫాను మా నగరాన్ని కొట్టింది, దిగువ డెల్టాను ముంచేసింది. సాయం తెచ్చిన ఓడలను సముద్రంలోనే నిలబెట్టేశారు. పత్రికల్లో దుప్పట్లు పంచుతున్న అధికారుల ఫొటోలు తప్ప ఇంకేమీ లేవు. ఏడాది నిండబోతుండగా, నగరం నడిబొడ్డున పబేడాన్‌లో మా పప్పుల దుకాణానికి వచ్చిన ఒకావిడ, నది అవతల డలాలో మన అమ్మవారి గుడికి నీటి గీత ఉందని చెప్పింది. ఎక్కడికీ ఒంటరిగా వెళ్లని నేను మర్నాడే బయలుదేరాను.

పబేడాన్ నుంచి రేవుకు నడిచి ఇరవై నిమిషాలు. ఏడు గంటల లోపు వెళితే ఎండా ఉండదు, తోపులాటా ఉండదు. పడవ టిక్కెట్టు మాకైతే టీ ధర కూడా కాదు. బయటి దేశం వాళ్ల దగ్గర డాలరు తీసుకుని పాస్‌పోర్టు నంబరు రాసుకుంటారు. నా గుర్తింపు కార్డు చూసిన పోలీసు, "మీ తాత ఎక్కడివాడు?" అన్నాడు. ఇక్కడే పుట్టాడని చెప్పాను. "ఆయన తాత?" అన్నాడు. వెనక వరసలో బాతుల బుట్ట మోస్తున్న బర్మా మనిషిని ఏమీ అడగలేదు. నది దాటడానికి పది నిమిషాలు పట్టింది. కోపం దిగడానికి అంతకంటే ఎక్కువ పట్టింది.

డలాలో దిగగానే సైడ్‌కార్లు చుట్టుముడతాయి. అవి సైకిలు పక్కన రెండు సీట్లున్న బళ్లు, ఒక సీటు ముందుకు, ఒకటి వెనక్కి. గుడిదాకా ఐదు వందల చాట్లు, చాట్ అంటే ఇక్కడి రూపాయి. నన్ను ఎక్కించుకున్న కో టిన్ తొక్కుతూనే అన్నాడు: "ఈరోజు గుడికి వద్దు చెల్లీ. వార్డు ఆఫీసువాళ్లు సున్నం బకెట్లతో వెళ్లారు."

"ఎందుకు?"

"నదికి కడుతున్న కొత్త కట్ట పని చూడటానికి పెద్దాయన వస్తున్నాడట. పెద్దవాళ్లు వస్తే మాకు సున్నం వస్తుంది. బియ్యం రాదు."

గుడి అంటే ఒక గది, ముందు రేకుల పందిరి. పూజలు చూసే అప్పలమ్మగారి పెద్దలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడరేవు పనికి వచ్చారు. వరద తీశాక తడి ఆగిన చోట ఆడవాళ్లు గోడ పొడవునా పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టడం వాళ్ల ఆచారం. "గంగమ్మా, ఇది దాటి రాకమ్మా" అని మొక్కు. ఏటా తుఫాను వచ్చిన రోజున మళ్లీ ముద్దగా పూస్తారు. ఆ రోజు అదే, పొద్దున్నే పూశారు. గీత నా తలకు జానెడు పైన ఉంది. అప్పలమ్మగారి కోడలు ఆ నీళ్లలోనే కొట్టుకుపోయింది. శవం దొరకలేదు, మృతుల్లో పేరూ ఎక్కలేదు.

నేను వెళ్లేసరికి ఇద్దరు కూలీలు గీత మీద సున్నం కొడుతున్నారు. పచ్చి పసుపు మీద సున్నం పడితే ఏమవుతుందో మన ఇళ్లలో చిన్నపిల్లలకూ తెలుసు. గోడ ఈ చివర నుంచి ఆ చివరికి ఎర్రగా తేలింది. వార్డు అధికారి పరుగెత్తుకొచ్చాడు. "ఎర్ర రంగు ఎవరు పూశారు?" వాళ్లకు ఎరుపంటే జెండా, జెండా అంటే తిరుగుబాటు.

అప్పలమ్మగారు నడుం మీద చెయ్యేసి తెలుగులోనే జవాబిచ్చారు. "ఓలమ్మా, సున్నమేయించినోడివి నువ్వు, ఎరుపెక్కడిదని నన్నడుగుతావేటి? కాళ్లకి పారాణి ఎప్పుడూ సూణ్ణేదేటి? ఈ బాబుకి పెళ్లయినట్టు నేదర్రా!"

ఆడవాళ్లంతా పక్కున నవ్వారు. "ఏమంటోంది?" అని అతను నన్ను అడిగాడు. మొదటి సగం బర్మీస్‌లో చెప్పాను. రెండో సగం నా దగ్గరే ఉంచుకున్నాను. తరువాత కొత్త కట్ట ఎంత ఎత్తు కడుతున్నారని అడిగాను.

"నడుం ఎత్తు. ఇక్కడ నీళ్లు మోకాలు దాటలేదు. రికార్డు అలాగే ఉంది."

"మరి ఈ గీత?"

"అందుకే చెరిపేస్తున్నాం," అన్నాడు, అది చాలా సబబైన మాట అయినట్టు. ఆపైన నా కార్డు అడిగి చూసి, "కలా పిల్లవి, కట్టతో నీకేం పని?" అన్నాడు. కలా అంటే ఇక్కడ మనవాళ్లను ఈసడించే మాట.

రెండో పూత వేశారు. మళ్లీ ఎరుపే. ఇక ఆ ఎరుపు ఉన్నంత మేరా ఉలితో చెక్కేయమని చెప్పి, అధికారి భోజనానికి వెళ్లిపోయాడు. కూలీలు చెప్పిన పని చెప్పినట్టే చేశారు. ఎరుపు ఉన్నంత మేరా చెక్కారు, అంతకు మించి వెంట్రుకవాసి కూడా ముట్టలేదు. మధ్యాహ్నానికి గోడ పొడవునా బొటనవేలు దిగేంత లోతున గాడి పడింది. పూడ్చడానికి సిమెంటు లేదట, కట్టకే చాలడం లేదట. అప్పలమ్మగారు గాడిలో వేలు పెట్టి చూసి, "ఏటేటా గీత గీసే పని తప్పించాడు, సల్లగా ఉండనీ," అన్నారు. నవ్వుతున్నారనుకున్నాను. వేలు మాత్రం చాలాసేపు అక్కడినుంచి తీయలేదు. తరువాత గిన్నెలో మిగిలిన పసుపు గాడిలోకి కూరడం మొదలుపెట్టారు. నేనూ కూరాను.

తిరుగు పడవలో గీత నిలిచిందని సంతోషించాలనుకున్నాను. కుదరలేదు. గీత గోడకు నిలిచింది గాని, కట్ట నడుం ఎత్తే లేస్తోంది. దాని వెనక పడుకునేది అప్పలమ్మగారు, ఆ నవ్విన ఆడవాళ్లు, వాళ్ల పిల్లలు. చనిపోయినవాళ్లను లెక్కలో వేయకపోవడం ఒక అన్యాయం. నీటినే లెక్క తప్పించడమంటే, రాబోయే చావులకు ఇప్పుడే పునాది వేయడం. దానికి వాళ్లు రికార్డు అని పేరు పెట్టుకున్నారు.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట. రేవు నుంచి గుడికి పోయేటప్పుడు సైడ్‌కారును కట్ట దగ్గర ఒకసారి ఆపించి దాని పక్కన నిలబడండి. తరువాత గుడి గోడకు వీపు ఆనించి నిలబడండి. కొలత టేపు అవసరం ఉండదు.