మా ఆయన ఒప్పుకున్నాడు, నేను ఒప్పుకోలేదు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా! నా పేరు మార్తమ్మ. దర్శికి అవతల, మిరప, పత్తి పండే చిన్న ఊరు మాది. నా భర్త దేవసహాయం ప్రభువు దగ్గరికి వెళ్లి మొన్ననే ఏడాది నిండింది. వార్డు మెంబరుగా ఆయన ఊరికి చేసిన మంచి గురించి జ్ఞాపకార్థ కూడికలో చాలామంది మాట్లాడారు గానీ, ఆ మంచి ఎంత చెడ్డ రోజుల్లోంచి పుట్టిందో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు, అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

పదహారేళ్ల క్రితం మా ఆయన మిరప చేలకు కూలికి పురుగుమందు కొట్టేవాడు, పొద్దుగూకితే తాగేవాడు, తాగితే ఒళ్లు తెలిసేది కాదు. నా నోరు కూడా తక్కువది కాదు లెండి, మా ఇంట్లో గొడవ మొదలైతే బజారు బజారంతా తలుపులు తీసి వినేవాళ్లు! ఆ చలికాలం కాలువకు నీళ్లు ఆపేశారు. మామూలుగా మందు కొట్టే పంపును పొలం పక్క కాలువలోనే కడిగేవాళ్లు, ఊరి చెరువు మెట్ల దగ్గరికి ఎవరూ తెచ్చేవాళ్లు కాదు. ఆ సాయంత్రం మాత్రం మా ఆయన పూటుగా తాగి, పంపు వీపున వేసుకుని, తిన్నగా మంచినీళ్ల చెరువు మెట్లు దిగి, అడుగున మిగిలిన మందంతా ఆ నీళ్లలోనే వంచి కడుక్కున్నాడు!

గడ్డిమోపుతో గట్టు మీద వస్తూ నేను కళ్లారా చూశాను. తిట్టుకుంటూ ఇంటికి లాక్కొచ్చాను, అంతే గానీ, ఆ నీళ్లు ముంచొద్దని ఊరికి చెప్పలేదు. పరువు పోతుందని నా భయం. తెల్లవారి నేను పొయ్యి దగ్గర ఉండగానే మా ఆరేళ్ల రూతు పక్కింటి పిల్లలతో చెరువుకు వెళ్లి, ఆడుకుని, అదొక్కతే దోసిలితో నీళ్లు తాగేసింది. నోట నురగతో పిల్లను ఎత్తుకొచ్చారు. అయ్యో, ఆ క్షణం ఏ తల్లికీ రాకూడదు!

రూతును ఆస్పత్రిలో చేర్చాం. ఇక్కడ ఊళ్లో మెట్ల దగ్గర చచ్చిన చేపలు తేలాయి, జనం ఉడికిపోయారు. ముందు రోజు చెరువు పక్క చేలో మందు కొట్టింది మా వెనక బజారు కోటయ్య, కాబట్టి అతనే ఈ పని చేశాడన్నారు. పాపం, లేదని ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు. ఎవరూ అతన్ని పనికి పిలవకూడదని, ఆదివారం లోపల ఆలుబిడ్డలతో ఊరు విడిచి పోవాలని పెద్దలు తేల్చేశారు. ఆ కబురు ఆస్పత్రికి వచ్చేసరికి మా ఆయనకు మత్తంతా దిగిపోయింది. ఆయన నా మొహం చూశాడు. "నోరు మెదిపావంటే నేనూ పిల్లా ఏ బావిలో పడాలి?" అన్నాను. సహోదరులారా, ఆ మాట అన్నది నేనే!

బిడ్డను బతికించమని ప్రార్థించబోతే కోటయ్య మొహమే కళ్ల ముందు మెదిలేది. మూడో రోజు కోటయ్య భార్య నాగమ్మ క్యానులో జావ పట్టుకుని వచ్చింది. "ఊరు ఏమన్నా అననీ వదినా, పసిదానికి కడుపు మాడుతుంటది. మా ఆయన చెయ్యలా. నువ్వన్నా నమ్ము" అంటూ నా బిడ్డను ఒళ్లో పెట్టుకుని, చల్లార్చి తాగించింది. మా ఆయన చూడలేక వరండాలోకి వెళ్లి మోకాళ్ల మీద కూలబడ్డాడు. "తండ్రీ, నా బిడ్డకు విషం పోసింది నేను! ఆ తల్లి చేత నా బిడ్డకు జావ తాగిస్తున్నావు! నేనింక దాచలేనయ్యా, జనం నన్ను కొట్టినా సరే, నా నోరు తెరిపించు!" అని వెక్కి వెక్కి ఏడ్చాడు.

లేచి ఊరికి బయలుదేరాడు. నేను చొక్కా పట్టుకుని ఆపబోయాను, గుండీ ఊడొచ్చింది గానీ ఆయన ఆగలేదు. పంచాయతీ ఆఫీసు ముందు నిలబడి, "కోటయ్య తప్పేం లేదు, చెరువులో పంపు కడిగింది నేను" అన్నాడు. కొందరు చెయ్యి చేసుకున్నారు. "మీ ఆవిడకు తెలుసా?" అని అడిగితే, "తెలియదు, అంతా నేనే" అన్నాడు. దేవుని ఎదుట అది అబద్ధమే, నా కోసం ఆడిన అబద్ధం.

ఆ వారమే రూతు లేచి కూర్చుంది. దేవునికి స్తోత్రం! ఇంజను పెట్టి చెరువు నీళ్లన్నీ తోడించాక, పూడిక తానే తీస్తానని మా ఆయన ఒక్కడే దిగాడు. రెండో రోజు పార భుజాన వేసుకుని ఎవరు దిగారనుకున్నారు? కోటయ్య! ఆ తర్వాత కుర్రకారంతా దిగింది. ఆ రోజు మొదలు మా ఆయన చుక్క ముట్టలేదు. పంపులు కడుక్కోవడానికి పొలాల వైపు బోరు, సిమెంటు తొట్టి కావాలని అర్జీలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ రెండేళ్లు తిరిగి సాధించాడు, చెరువుకు కంచె వేయించాడు, పోటీ లేకుండా మెంబరయ్యాడు. ఊరి పనుల్లో పడి కూర తెమ్మంటే మర్చిపోయేవాడు గానీ, మిరపకాయలు ఏరిన చేతులకు కొబ్బరినూనె రుద్దుకుని, మంట తగ్గాకే పిల్లను ముట్టుకునేవాడు, ఆదివారం గుడికి దాని జడ తనే వేసేవాడు. అంతటి మనిషిని నాకిచ్చిన దేవుణ్ని ఏమని స్తుతించను!

మొన్న కూడికలో అందరూ అయ్యాక నన్ను మాట్లాడమన్నారు. కోటయ్య, నాగమ్మ ముందు వరసలోనే ఉన్నారు. "ప్రభువా, ఆయనకిచ్చిన ధైర్యం నాకూ ఇవ్వు" అనుకుని, గట్టు మీద చూసింది, కోటయ్య మీదికి నింద వెళ్తుంటే మా ఆయన నోరు నొక్కింది, అంతా చెప్పేశాను. నాగమ్మ లేచింది. "ఆస్పత్రిలో నీ మొహం చూసినప్పుడే తెలిసింది వదినా! నువ్వే చెబుతావులే అని ఊరుకున్నా. ఇన్నేళ్లు పట్టిద్దనుకోలా!" అంది. జనం నవ్వేశారు, నేను ఏడ్చేశాను, ఆమె వచ్చి నన్ను గట్టిగా పట్టుకుంది.

ప్రియులారా, ఇంట్లో తాగుడుతో నలిగేవాళ్లు, చేసిన తప్పు ఎవరికీ చెప్పుకోలేనివాళ్లు ఇది చదువుతుంటే, ఆ ప్రభువును నమ్మండి, ఆయన దగ్గర నోరు విప్పండి! నా భర్తకు విడుదల పదహారేళ్ల క్రితం వచ్చింది, మొండిదాన్ని కాబట్టి నాకు మొన్న వచ్చింది, మీరు అంతకాలం ఆగకండి. దేవునికే మహిమ!