ఎర్రగీత దాటిన పెద్దల్లుడు

ఆక్సిజన్ నింపే ఆ షెడ్లలో పెద్దల్లుడంతటి పనివాడు మళ్లీ రాలేదు. ఈ మాట ఊరికే అనడం లేదు. బిగుసుకుపోయిన వాల్వును సుత్తి ముట్టకుండా విప్పినవాడాయన. పైపుల పక్కన కళ్లు మూసుకుని నడుస్తూ, గ్యాస్ ఎక్కడ కారుతోందో చెవితో పట్టినవాడాయన. ఒత్తిడి చూపే గేజీ ముల్లు సున్నా దగ్గరికి తిరిగి రాకపోతే "దీనికి నడుం పట్టేసిందిరా" అని విప్పి, లోపలి వంపు గొట్టం సాగిందో, పళ్ల చక్రం అరిగిందో ఇట్టే చెప్పేవాడు. వీటన్నిటినీ మించిన ఘనత ఇంకొకటుంది. ఈ కథ నాటిదాకా ఆయన నింపిన ఏ సిలిండరూ గేజీ మీద హద్దు చూపే ఎర్రగీత దాటలేదు.

ఆయన మామగారు ఒకప్పుడు అక్కడే హెడ్ ఫిట్టరు. కూతుళ్లిద్దరినీ తన కింద పనిచేసే ఫిట్టర్లకే ఇచ్చాడు. అప్పట్నుంచి ఆ తోడల్లుళ్లు అందరికీ పెద్దల్లుడు, చిన్నల్లుడు అయిపోయారు. అసలు పేర్లు ఏమిటంటే జీతాల గుమాస్తా కూడా కాసేపు తల గోక్కోవాలి. మామగారు పని మానుకున్న రోజున పరీక్ష గేజీ ఉన్న చెక్కపెట్టెను పెద్దల్లుడి చేతిలో పెట్టాడు. మిగతా గేజీలు నిజం చెబుతున్నాయో లేదో దానితోనే సరిచూడాలి. ఆ పెట్టె ఎవరి దగ్గరుంటే వాడే అక్కడ పెద్ద.

యజమాని కొత్త షెడ్డు కట్టించి చిన్నల్లుడికి అప్పగించిన నాటినుంచి పెద్దల్లుడికి అన్నం సయించలేదు. తను పని నేర్పించినవాడు! స్పానరు ఎటు తిప్పాలో తెలియనప్పుడు చెయ్యి పట్టుకుని తిప్పించినవాడు! ఇప్పుడు వాడికి కొత్త పైపులు, కొత్త గేజీలు, గోడకు తెల్లసున్నం. పైగా అత్తారింటికి వెళితే మామగారు అడిగే మొదటి మాట, "చిన్నోడెలా ఉన్నాడయ్యా, కొత్త షెడ్డు బాగా నడుపుతున్నాడటగా?"

"మీ నాన్నకి నేను కనబడనా?" అన్నాడు ఒకసారి భార్యతో.

"ఎదురుగా కూర్చుని భోంచేస్తున్న మనిషిని మీరెలా ఉన్నారని ఏం అడుగుతాడండీ?" అంది ఆవిడ. "చెల్లెలి మొగుడు బాగుపడితే మీకు కడుపులో మంట దేనికీ?"

"నాకా? మంటా?" అని ఆయన కంచం పక్కకు నెట్టేశాడు.

ఇంతలో వెల్డింగు షాపులవాళ్లు కొత్త షెడ్డు మీదికి కయ్యానికొచ్చారు. సిలిండరు తీసుకునేటప్పుడు ముల్లు గీత మీద ఉంటోందట, షాపుకు చేరి తెల్లారేసరికి కిందికి దిగుతోందట. చిన్నల్లుడు గ్యాస్ కారుతోందేమోనని పైపుల కీళ్లన్నిటికీ సబ్బునురగ పూశాడు. ఒక్క బుడగ లేవలేదు. గేజీ మార్చాడు. అదీ అదే చెప్పింది. దిక్కుతోచక పెట్టె కోసం వచ్చాడు.

"అన్నయ్యా, పరీక్ష గేజీ ఒకసారి పెట్టి చూడవా?"

పెద్దల్లుడు తీరిగ్గా వెళ్లి పెట్టాడు. తేడా లేదు. గేజీలన్నీ నిజమే చెబుతున్నాయి. అప్పుడు, అప్పుడే నింపిన సిలిండరు ఒంటి మీద అరచెయ్యి ఆనించాడు. కాలుతోంది. సంగతి అర్థమైపోయింది. వీడు గబగబా నింపుతున్నాడు, దాంతో గ్యాస్ వేడెక్కుతోంది, ఆ వేడికి ముల్లు పైకి పోతోంది. చల్లారాక కిందికి దిగక ఏం చేస్తుంది? మెల్లగా నింపి, చల్లారనిచ్చి, తగ్గినంత మళ్లీ కలపాలి. చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"ఏమోరా తమ్ముడూ," అన్నాడు చెయ్యి వెనక్కి తీసుకుని. "కొత్త షెడ్డు కదా, కొత్త రోగాలు." ఆ పూట ఆయన రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

యజమాని ఇద్దరినీ పిలిచి తేల్చేశాడు. "చెరొక సిలిండరు నింపి సీలు వెయ్యండి. రేపు పొద్దున నీడలో గేజీ పెట్టి చూస్తాను. ఎవరిది గీత మీద సరిగ్గా నిలబడితే, రెండు షెడ్లూ, పెట్టె కూడా వాళ్లవే."

పెద్దల్లుడు లోలోపల నవ్వుకున్నాడు. చేతికి చమురు లేకుండా కడుక్కుని, నింపడం మొదలుపెట్టాడు. తలెత్తి చూసేసరికి ఎదుటి షెడ్డులో చిన్నల్లుడు తన సిలిండరు మీద అరచెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు. వాల్వు కట్టేసి, చల్లారడం కోసం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు కూడా! చెప్పకపోయినా చెయ్యి చూసి నేర్చేసుకున్నాడన్నమాట. పెద్దల్లుడి ఒళ్లు భగ్గుమంది. ఇక ఇద్దరివీ గీత మీదే నిలబడతాయి. సమానమైతే మామగారేమంటాడు? "చిన్నోడు నీ అంతటివాడయ్యాడే!" అంటాడు.

నింపడం అయింది. ముల్లు ఎర్రగీత మీద చక్కగా నిలిచింది. ఆయన చెయ్యి వాల్వు మీదినుంచి రాలేదు. రాత్రి చలికి ఎక్కడ ఒక వెంట్రుకవాసి తగ్గుతుందో అని మనసుకు చెప్పుకుని ఇంకాస్త తిప్పాడు. ముల్లు గీత దాటింది. వాడికన్నా తనదే పైన ఉండాలి. ఇంకాస్త తిప్పాడు. తర్వాత సీలు వేసి, ఎవరి మొహమూ చూడకుండా ఇంటికి వెళ్లిపోయాడు.

మర్నాడు యజమాని పొద్దున రాలేదు. వచ్చేసరికి ఎండ మాడిపోతోంది. ఈలోపు పనివాళ్లు, చూడడానికి బాగుంటుందని, రెండు సిలిండర్లనూ నీడలోంచి తీసి వాకిట్లో నిలబెట్టి గేజీలు బిగించారు. చుట్టూ మనుషులు. చిన్నల్లుడి ముల్లు ఎండకు గీత దాటి కొంచెం పైన ఉంది. అది ఉండేదే. పెద్దల్లుడిది దానికన్నా ఎంతో పైకి పోయి, ఇంకా కదులుతోంది.

"అబ్బో! పెద్దల్లుడి సరుకు చూడండ్రా," అన్నాడు లారీ డ్రైవరు. "నిండుగా పోశాడు!"

నవ్వులు. ఆ పొగడ్త ఒక్కసారి చెవికి కమ్మగానే తగిలింది. కానీ ఆయన కళ్లు వాల్వు పక్కనున్న పలుచని రాగి బిళ్ల మీదే ఉన్నాయి. ఒత్తిడి హద్దు మీరితే ముందు పగిలేది అదే. సరిగ్గా దానికెదురుగా చిన్నల్లుడు వంగి, తన గేజీని గుడ్డతో తుడుస్తున్నాడు.

"తప్పుకోండి!" అని అరిచాడు పెద్దల్లుడు. తోడల్లుడి రెక్క పట్టి వెనక్కి లాగి, పక్కకు నిలబడి వాల్వు విప్పాడు. గ్యాస్ బుస్సుమని ఈల వేసింది. దుమ్ము లేచింది. ముల్లు దిగింది, గీత దగ్గరికి వచ్చాక కూడా ఆయన చెయ్యి వెంటనే ఆగలేదు.

సాయంత్రం చల్లబడ్డాక యజమాని మళ్లీ చూశాడు. చిన్నల్లుడిది గీత మీద నిలబడింది. పెద్దల్లుడిది బాగా కిందికి పోయింది. పెట్టె చేతులు మారింది.

అందరూ వెళ్లాక చిన్నల్లుడు దగ్గరికొచ్చాడు. "అన్నయ్యా, నాదీ గీత దాటింది కదా? నీదాంట్లో గ్యాస్ ఎందుకు వదిలేశావు?"

"నీది ఎండకు దాటింది. నాది నా చేత్తో దాటించాను."

చిన్నల్లుడు పెట్టెను చంకలో పెట్టుకున్నాడు. నవ్వి ఉంటే బాగుండును, నాలుగు తిట్టి ఉన్నా బాగుండును. వాడు అదేమీ చెయ్యలేదు. "నాకు చెప్పొచ్చు కదన్నయ్యా, వేడి సంగతి," అన్నాడు మెల్లగా.

"చెప్పొచ్చు. చెప్పబుద్ధి కాలేదు."

ఆ కుళ్లు ఆ ఒక్క సాయంత్రంతో పోయిందంటే నేను నమ్మను. తోడల్లుడి చంకలోని పెట్టెను చూస్తూ పెద్దల్లుడు ఇంకా పళ్లు నూరుతూనే ఉన్నాడు. కాకపోతే వాడు నాలుగడుగులు వేశాక వెనక్కి పిలిచాడు.

"ఒరే, దాన్ని అలా ఊపుకుంటూ పోకు. ముల్లు చెడిపోతుంది. రెండు చేతులా పట్టుకో."