కణతల కాడి గీత

అణాలు పోయి నయాపైసలు వచ్చిన ఏడాది మా ఆవిడ జ్వరంతో పోయింది. మూడు నెలలైనా నాకు ఏడుపు రాలేదు. పెనుకొండలో మా ఇంటి వరండాలో కూర్చుని, హిందూపురం నాటకాల వాళ్లకు విగ్గులు కడుతూ ఉండేవాడిని. ఎవరైనా పలకరిస్తే జవాబు చెప్పేవాడిని, పెట్టింది తినేవాడిని. అంతే.

ఒక పొద్దున ధర్మవరం నుంచి పట్టుచీరలు నేసే ఇంటి తల్లీకూతుళ్లు వచ్చారు. కూతురికి పాతికేళ్లుంటాయి. కొంగు కనుబొమల దాకా లాక్కుంది. పొయ్యి ఊదడానికి వంగినప్పుడు, రంగు మరిగే కాగు ఒరిగి ఆమె తల మీద పడిందట. నుదుటి పైన, రెండు కణతల దగ్గర వెంట్రుకలు మళ్లీ మొలవలేదు.

"ఏడాదాయప్పా. ఎవరన్నా వస్తే మగ్గం ఇడిసి లోపలికి పోతాది," అంది తల్లి.

నాటకం విగ్గుకు ముందు అంచు ఎలా ఉన్నా కిరీటం కప్పేస్తుంది. ఈమెతో మనుషులు ఎదురుగా నిలబడి మాట్లాడతారు. మొదట తల అచ్చు తీయాలి. పల్చటి తడిగుడ్డ తల మీద బిగించి, వెంట్రుకలు మొదలవ్వాల్సిన చోట పెన్సిలుతో గీత గీసి అద్దం ఇచ్చాను.

"ఇది నాది కాదన్నా."

"నీది ఎట్లుండె?"

ఆమె చెప్పలేకపోయింది. ఇంట్లో ఫోటో కూడా లేదు.

తల్లి నా చేతిలో పెన్సిలు తీసుకుంది. జడ వేసేదానిలా కూతురి వెనక కూర్చుని, కళ్లు మూసుకుని బొటనవేలితో నుదురు తడిమింది. "ఈడ కొంచెం కిందికి దిగుండె. ఎడమ కణత కాడ లోపలికి పోయుండె. ఈ పక్క పొట్టి వెంట్రుకలు జడకు అందేవి కావు," అంటూ గీసింది. గీత వంకరగా వచ్చింది. నేను గీసిన దానికన్నా అదే నిజమైనదిలా ఉంది.

నేను మా ఆవిడ నుదురు గుర్తు తెచ్చుకోబోయాను. పద్దెనిమిదేళ్ల కాపురం. బొట్టు గుర్తొచ్చింది, వెంట్రుకలు ఎక్కడ మొదలయ్యేవో గుర్తు రాలేదు. బాధపడాలనిపించింది, బాధ రాలేదు. గుడ్డ మీద గీత కనబడేలా మైదా జిగురుతో కాగితాలు అంటించి, ఆరాక ఆ వంకర గీత వెంటే కత్తిరించాను.

ఆ అచ్చు మీద సన్న వలగుడ్డ బిగించి, సవరం కోసం తల్లి దాచి ఉంచిన కూతురి వెంట్రుకలనే ఒక్కొక్కటిగా దానికి ముడేశాను. కణతల దగ్గర పల్చగా, పొట్టిగా వదిలాను. ఇరవై రోజులు పట్టింది.

విగ్గు ధర్మవరం తీసుకెళ్లి, ఆమె తలకు నేనే పెట్టాను. కాఫీ తాగుతుండగా పక్కింటామె గడపలోకి వచ్చింది. కూతురు లోపలికి పోలేదు. పక్కింటామె ఒక్క క్షణం ఆమె నుదుటి వైపు చూసింది.

"కొంచెం తోడుకు మజ్జిగ ఉండాదా మే?"

"ఉండాది, ఉండక్కా, తెస్తా."

తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది. భుజాలు కదులుతున్నాయి. నేను గ్లాసు కింద పెట్టి, రైలు టైమైందని చెప్పి లేచాను.