ధర్మవరానికి చీర కోసం పోయిన పొద్దు

చెల్లెలి నిఖా కుదిరినప్పుడు అమ్మకు ఒక ధర్మవరం పట్టుచీర కొనాలని ఆశపడినాను. అమ్మ పెనుకొండలో రవికలు కుడుతుంది. ముప్పై ఏండ్లుగా మా వీధి వాళ్ల పట్టు రవికలన్నీ ఆమె మిషన్ మీదే తయారైనాయి. ఆమెకు మాత్రం ఒక్క పట్టుచీరా లేదు. నేను హిందూపురంలో టీచరుగా చేస్తాను. ఒక ఆదివారం ఇద్దరం బస్సెక్కినాం.

అందరూ గొప్పగా చెప్పే షోరూముకే పోయినాం. నేల అద్దంలా ఉంటే అమ్మ చెప్పులు బయటే వదిలింది. కౌంటరు దగ్గరి అమ్మాయి అమ్మ పాత బురఖా వైపు, నా గుడ్డసంచి వైపు చూసి "ఎంతలో చూస్తారు?" అన్నది. జవాబు వినకుండానే నకిలీ పట్టుచీరలు నాలుగు ముందర పడేసింది.

అద్దాల బీరువాలో నెమలికంఠం రంగు చీర, ఎర్రంచుది, ఒకటి ఉండింది. "అది చూపీమ్మా," అన్నది అమ్మ.

"అది ఊరికే తీయమండి. మడత చెడిపోతుంది."

"కొనేదానికే వచ్చినాం," అన్నాను.

అంతలో కారు దిగి ఎవరో వచ్చినారు. ఆ అమ్మాయి అటు పోయింది. వాళ్లకు కూల్‌డ్రింకులు ఇచ్చి, అదే బీరువా తెరిచినారు. అర్ధగంట కూర్చున్నా మా దిక్కు ఎవరూ తిరగలేదు. నేను సంచి తీసుకుని లేస్తాంటే అమ్మ ఆ చీరనే చూస్తా, "అంచు ఎరుపు, లోపల నీలం. యాడ కలిపినారో తెలుస్తాండాదా పాపా?" అన్నది. చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చినాను.

బస్టాండుకు పోయే సందులో మగ్గం చప్పుడు విని అమ్మ ఒక వాకిట్లో నిలబడిపోయింది. లోపల మొగుడూ పెండ్లాం నేస్తాండారు. ఆమె మమ్మల్ని చూసి "రాండక్కా" అని పిలిచింది.

మగ్గం మీద అట్లాంటి అంచే. నీలం దారం చుట్టిన నాడె ఇటు నుంచి, ఎర్రదారం నాడె అటు నుంచి వచ్చి, దారాలు ఒకదాన్నొకటి పెనవేసుకుని పోతాండాయి. ఒక్క పోగు తప్పినా మొత్తం ఆపి సరిచేస్తారంట. పొద్దున్నుంచి నేసింది జానెడు.

"ముట్టుకోక్కా, ఏం కాదు," అన్నది ఆమె. అమ్మ చెయ్యి తుడుచుకుని, వేలి కొసతో అంచు తడిమింది.

"మీరూ నేస్తారా?" అన్నాడు ఆయన.

"లేదప్పా, రవికలు కుడతా. ఇట్లాంటి గుడ్డకు ఎన్నిసార్లు కత్తెర పెట్టినానో. దీని వెనక ఇంత ఉండాదని ఎరగను."

ఆయన నాడె ఆపినాడు. "మేం నేసింది యాడికి పోతాదో మాకూ తెలీదక్కా. రవిక కుట్టే మనిషిని ఈపొద్దే చూస్తాండా."

ఆ చీర పట్టు ఇచ్చి నేయించే షావుకారుది, అమ్మేందుకు వాళ్లకు హక్కు లేదు. టీ తాగి వచ్చేసినాం. బస్సులో అమ్మ పెనుకొండ దాకా ఆ రెండు నాడెల గురించే చెప్తా వచ్చింది. నిఖాకు అమ్మ, ఆ తర్వాత నేను హిందూపురంలో తీసుకున్న ఆకుపచ్చ చీర కట్టుకునింది.